ఓటీపీ వెళ్ళిన ఫోను

కువైట్‌లోని రిగ్గైలో మా తెలుగు సంఘం గదిలో శుక్రవారం పూట ఇన్‌కంటాక్సు రిటర్నులు ఉచితంగా వేసిపెడతాం. అహ్మదిలో అకౌంటెంటుగా చేసిన మా ఆయన దేవసహాయం మొదలుపెట్టిన పని ఇది. ఆయన జనవరిలో పోయారు. ఆ కుర్చీ ఖాళీగా ఉండడం చూడలేక, నేను పాఠాలు చెప్పే స్కూలుకు ఆ రోజు సెలవు కాబట్టి నేనే వచ్చి కూర్చుంటున్నాను. లెక్కలు ఆయన స్నేహితుడు రాబిన్ చూస్తాడు. వచ్చినవాళ్ళతో మాట్లాడడం నా వంతు.

వచ్చేది ఎక్కువగా ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు. విదేశంలో ఉన్నవాళ్ళ డిపాజిటు కాబట్టి ఊళ్ళో బ్యాంకు వడ్డీలో మూడో వంతు దాకా పన్ను పట్టుకుంటుంది. అంత ఆదాయం లేనివాళ్ళు రిటర్ను వేస్తే అది తిరిగి వస్తుంది. ఆ సంగతి వాళ్ళకు చెప్పేవాళ్ళు ఉండరు.

జూలైలో గురమ్మ వచ్చింది. రాయచోటి వైపు మనిషి. భర్త బాలసుబ్బయ్యకు తెలియకుండా కొంత డిపాజిటు వేసుకుంది. మదనపల్లెలో రెండు గదుల ఇల్లు తన పేరున కొనుక్కోవాలని, ఇక్కడి పని మానేసి అక్కడే ఒంటరిగా ఉండాలని ఆమె కోరిక. భర్త దగ్గరికి ఇక పోనని తల వంచుకుని చెప్పింది. కారణం నేను అడగలేదు.

రాబిన్ అంతా నింపాడు. ఆధార్ ఫోనుకు వచ్చే ఓటీపీ కొడితే పని అయిపోతుంది. ఆ ఫోను ఎవరి దగ్గరుందని అడిగాను.

"యాడుంటాది మేడమ్, మా ఆయన కాడ. నేనొచ్చేటప్పుడు ఆ సిమ్ము ఇంట్లో ఇచ్చేసి వచ్చినా. అందరూ అంతే గదా."

అందరూ అంతే. మా ఆయన ఫోను నా సంచిలో ఉంటుంది. ఆయన ఖాతాల ఓటీపీలు ఇంకా దానికే వస్తాయి కనుక రోజూ చార్జి పెడతాను.

ఓటీపీ వద్దనుకుంటే, సంతకం పెట్టిన కాగితం బెంగుళూరులోని టాక్సు ఆఫీసుకు పోస్టులో పంపవచ్చని చెప్పాను. ఆలస్యమవుతుంది, అంతే. గురమ్మ ఒప్పుకోలేదు.

"ఆ కాగితం ఎప్పుడు చేరేను? ఆయనకు ఇంగ్లీషు రాదు మేడమ్, అంకెలొక్కటే చదువుతాడు. ఈడ ఉండే పర్మిట్టు, ఇఖామా పనని చెప్తా."

అక్కడే ఫోను చేసింది. బాలసుబ్బయ్య హుషారుగానే ఉన్నాడు. "మళ్ళా నంబరా? నేనేమన్నా నీకు గుమాస్తానా?" అంటూనే అంకెలు ఒక్కొక్కటే చదివాడు. రాబిన్ కొట్టాడు. గురమ్మ నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

భార్య ఇఖామా పని అయిందో లేదో కనుక్కుందామని, ఆ సాయంత్రమే బాలసుబ్బయ్య ఆ మెసేజి తీసుకెళ్ళి గ్రామ సచివాలయంలో చూపించాడట. అందులో ఇన్‌కంటాక్సు అని ఉంది. వాళ్ళ ఊళ్ళో ఇన్‌కంటాక్సు అంటే బంగారం అంగళ్ళవాళ్ళు, కంట్రాక్టర్లు కట్టేది. గురమ్మ కువైట్‌లో కోట్లు దాచిందని తెల్లారేసరికి ఊరంతా పాకింది. బావలు, మరుదులు, ఆడబిడ్డలు వరసగా ఫోన్లు చేశారు. ఆమె తల్లిని పిలిపించి పెద్దమనుషుల ముందు కూర్చోబెట్టారు. గురమ్మ డిపాజిటు తీసి పంపేసింది. ఆ డబ్బుతో బాలసుబ్బయ్య పొలంలో బోరు వేయించాడు. నీళ్ళు పడలేదు.

ఇదంతా ఆమె అక్టోబరులో వచ్చి చెప్పింది. మామాకు, అంటే తను పనిచేసే ఇంటి యజమానురాలికి, ఇంకో రెండేళ్ళు చేస్తానని మాటిచ్చానని కూడా చెప్పింది. రాబిన్ ఆమె రిటర్ను తెరిచి చూశాడు. పన్ను డబ్బు తిరిగి వచ్చింది. ఆ మాట చెప్పాడు.

గురమ్మ నా వైపు తిరిగింది.

"దాన్ని గవర్నమెంటుకే వాపసు ఇచ్చేయొచ్చునా మేడమ్?"

రాబిన్ తమాషా అనుకున్నాడు.

"తమాషా గాదు సార్. ఇది గూడా తెలిస్తే ఇంకో బోరు ఏస్తారు."

అలా ఇవ్వడానికి వీలుండదని చెప్పాను. కింద కారు హారను మోగింది. మామా వచ్చిందని గురమ్మ చున్నీ సర్దుకుని మెట్లు దిగింది.

తర్వాతి మనిషిని పిలిచాను. ఏలూరు నుంచి వచ్చిన పిల్ల. ఆధార్ ఫోను ఎవరి దగ్గరుందమ్మా అని అడిగాను.

"మా అన్నయ్య దగ్గరండీ."

పోస్టులో పంపే కాగితం ప్రింటు తీయమని రాబిన్‌కు చెప్పాను.