మిగిలిన ఒక్క మాట

ఆ చర్చి సంఘంలో కుర్రకారు తమ పాస్టరు అయ్యగారికి చాటుగా పెట్టుకున్న పేరు జల్లెడ. ఆ పేరు ఆయన చెవిన కూడా పడింది. పడ్డా బాధపడలేదు సరికదా, లోలోపల కాస్త మురిసిపోయాడు. జల్లెడ పట్టకపోతే పిండిలో రాళ్ళు మిగిలిపోవూ? బాప్తిస్మం కావాలని వచ్చినవాళ్ళను ఊరికే ఒప్పుకునేవాడు కాదు, చెప్పులరిగేలా తిప్పుకునేవాడు. పెళ్ళి చేయమని వచ్చిన జంటను విడివిడిగా కూచోబెట్టి ఆయన వేసే ప్రశ్నలకు పెళ్ళికొడుకులకు ముచ్చెమటలు పోసేవి. ఆరాధనలో డ్రమ్స్ వాయిస్తామని కుర్రాళ్ళు ఏటా వచ్చి అడగడం, ఆయన కాదనడం, వాళ్ళు మూతులు ముడుచుకుని వెళ్ళిపోవడం మామూలైపోయింది.

చెడ్డవాడు కాదు. ఎవరింట్లో జబ్బుపడ్డా ముందుగా గుమ్మంలో ఆగేది ఆయన సైకిలే. కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగేవాడు. కాకపోతే ముక్కుసూటి మనిషి. దేవుని కృప ఉచితమని ప్రసంగించే పుల్పిట్ మీద నిలబడి గొంతెత్తి చెప్పేవాడు. కిందికి దిగాక, ఆ కృప దుబారా అయిపోకుండా కాపలా కాయడం తన పని అనుకునేవాడు. ఈ రెండూ పొసగవేమోనన్న అనుమానం ఆయనకెప్పుడూ రాలేదు.

ఒక ఆదివారం ఉదయం గుడికి బయల్దేరుతూ అద్దం ముందు చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే కుడిచెయ్యి జారిపోయింది. మళ్ళీ పైకెత్తబోయాడు. వేళ్ళు తనవి కానట్టు వేలాడాయి. భార్యను పిలుద్దామని నోరు తెరిస్తే మాట రాలేదు. ఇస్త్రీ చేసిన జేబురుమాలు పట్టుకుని వచ్చిన ఆవిడ, అద్దంలో ఒక పక్కకు లాక్కుపోయిన మొగుడి మొహాన్ని చూసి, రుమాలు అక్కడే పారేసి వీధిలోకి పరిగెత్తింది.

ప్రాణానికి ఢోకా లేదన్నారు డాక్టర్లు. కుడివైపు చచ్చుబడింది, మెదడులో మాటలుండే చోట దెబ్బ తగిలింది, ఓపిక పట్టాలి అన్నారు. ఆయనకు అన్నీ అర్థమవుతున్నాయి. చెప్పదలుచుకున్నది లోపల పూర్తిగా తయారై ఉంటోంది. నోటిదాకా వచ్చేసరికి అంతా ఆవిరైపోతోంది. అలా కొన్నాళ్ళు మూలుగులతో గడిచాక, ఒక పొద్దున నర్సు వచ్చి దిండు సర్దనా అని అడిగితే ఆయన నోట్లోంచి స్పష్టంగా ఒక మాట ఊడిపడింది.

"సరే."

భార్య ఆనందంతో ఏడ్చేసింది. ఆయనకూ ప్రాణం లేచొచ్చింది. కానీ ఇంటికి చేరాక తేలిందేమిటంటే, మిగిలింది ఆ ఒక్క మాటే. ఆకలేస్తోందని చెప్పబోతే సరే. కాలు నొప్పిగా ఉందనబోతే సరే. కిటికీ మూయమందామని నోరు తెరిస్తే సరే. స్పీచ్ థెరపిస్టు అమ్మాయి పిల్లి బొమ్మ చూపించి, "ఇది కుక్కేనా అయ్యగారూ?" అంటే కాదని తల అడ్డంగా ఊపుతూనే "సరే" అన్నాడు. అలా జరుగుతుందని, మాటలన్నీ పోయినా ఒక్కోసారి ఒక మాట అంటిపెట్టుకుని ఉండిపోతుందని, అది ఏ మాటో ఎవరి చేతుల్లోనూ లేదని ఆ అమ్మాయి చెప్పింది.

జీవితమంతా కాదనడమే తెలిసిన మనిషికి మిగిలింది ఇదా అని భార్య నవ్వాపుకోలేకపోయింది. నవ్వినందుకు తనే నొచ్చుకుని, పమిటచెంగుతో ఆయన గడ్డం తుడిచింది. ఆయనకు తల కొట్టేసినట్టయింది. చూడ్డానికొచ్చిన కుర్రాళ్ళలో ఒకడు తుంటరిగా, "అయ్యగారూ, డ్రమ్స్ సంగతి..." అని నసిగితే, ఆయన కళ్ళెర్రజేసి, గట్టిగా, దాదాపు అరిచినట్టుగా "సరే" అన్నాడు. గదంతా నవ్వులు. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అంతకన్నా పెద్ద బాధ మరొకటుంది. ఊహ తెలిసినప్పటినుంచి తెల్లవారుజామున లేచి ప్రార్థించడం ఆయన అలవాటు. ఆయన ప్రార్థనలకు పేరు. ఒక్క మాట తడబడకుండా, మనుషుల్ని పేరు పేరునా దేవుడికి అప్పజెప్పేవాడు. ఇప్పుడు లేచి కూచుంటే లోపల కూడా ఏదీ వరసలో రావడం లేదు. ప్రభువా అనబోతే సరే. క్షమించమనబోతే సరే. నన్నెందుకిలా చేశావని నిలదీయబోతే, అక్కడా అదే మాట. వాక్యం చెప్పలేనివాడు, ప్రార్థన చేయలేనివాడు దేవుడికి ఎందుకు పనికొస్తాడు? ఆయన జల్లెడలో ఇప్పుడు ఆయనే రాయిగా మిగిలాడు.

వచ్చేపోయే జనం పలచబడ్డాక ఒక మధ్యాహ్నం పెయింటరు వచ్చాడు.

ఇళ్ళకు రంగులేసే మనిషి. చక్కటి పనివాడు, తాగనంతకాలం. కొన్నేళ్ళ కిందట గుడిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభుబల్ల దగ్గరికి తాగి వచ్చి, ద్రాక్షరసం గిన్నె అందుకోబోయి, పళ్ళెంతో సహా కింద పడేశాడు. తెల్లటి గుడ్డంతా ఎర్రగా అయింది. అయ్యగారు అందరి ముందూ, పూర్తిగా మారేదాకా ఈ బల్లకు దూరంగా ఉండమన్నాడు. అతను ఎదురు చెప్పలేదు. మారడానికి ప్రయత్నించాడు, కొన్నాళ్ళు నిలబడ్డాడు, మళ్ళీ జారాడు. అప్పటినుంచి వెనక బెంచీలో కూచుని, రొట్టె విరిచే వేళకు లేచి బయటికి పోయి గేటు దగ్గర నిలబడేవాడు. ఆరాధన ముగిశాక బయటికొచ్చేవాళ్ళకు అతనే గేటు తీసి పట్టుకునేవాడు. అయ్యగారు చాలాసార్లు ఆ గేటులోంచే వెళ్ళాడు.

కుర్చీకి రంగు అంటుతుందేమోనని చివరంటా జరిగి కూచున్నాడు పెయింటరు. గోళ్ళ సందుల్లో నీలం రంగు. అయ్యగారి ఆరోగ్యం గురించి అమ్మగారిని అడిగాడు. ఆవిడ మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళగానే చెప్పడం మొదలెట్టాడు. చాలాకాలంగా తాగడం లేదట. అయినా పూర్తిగా మారాననే ధైర్యం తనకు లేదట. మొన్న అయ్యగారికిలా అయిందని తెలిసినప్పటినుంచి నిద్ర పట్టడం లేదట.

"మీరు పోయుంటే నన్ను లోపలికి రమ్మనేవాళ్ళుండరు కదా అయ్యగారూ," అన్నాడు. "వద్దన్నది మీరే. రమ్మనాల్సింది కూడా మీరే. వచ్చే ఆదివారం బల్ల దగ్గరికి రానా?"

అయ్యగారి మనసులో జవాబు సిద్ధంగా ఉంది. తొందరపడకు. ఇంకొంతకాలం చూద్దాం. నీకు నువ్వే గట్టిగా చెప్పలేకపోతున్నావు కదా. ఎప్పుడూ చెప్పే మాటలే, మెత్తగా, న్యాయంగా.

"సరే," అన్నాడు.

పెయింటరు మొహం ముడతలు పడి, అంతలోనే విప్పారింది. పెద్ద మనిషి, భుజాలు కుదుపుతూ ఏడ్చాడు. అయ్యగారు కంగారుగా తల అడ్డంగా ఊపాడు, ఏడుస్తున్న అతని కంట అది పడలేదు. అలా కాదు, అది నా మాట కాదు అని చెప్పడానికి బాగున్న ఎడమచేతిని గాలిలో అటూ ఇటూ ఊపాడు. పెయింటరు ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, వంగి, తన తలమీద పెట్టుకున్నాడు. దీవించడానికే చెయ్యెత్తాడనుకున్నాడు పాపం. అతని జుట్టులో టర్పెంటైన్ వాసన. అరచెయ్యి కింద ఆ తల వణుకుతోంది. లాక్కుందామనుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది.

రెండ్రోజుల్లో సంఘపెద్ద వచ్చాడు. బట్టల దుకాణం యజమాని, నలగని చొక్కా, నలగని మాట. పెయింటరు ఊరంతా చెప్పుకుంటున్నాడని, అయ్యగారి పరిస్థితి తెలిసినవాళ్ళెవరూ ఆ మాటను లెక్కలోకి తీసుకోరని అన్నాడు.

"మీరు నోటితో చెప్పక్కర్లేదు. అతన్ని రమ్మనడం మీకిష్టమైతే తల పైకీ కిందికీ ఊపండి. లేకపోతే అడ్డంగా ఊపండి. మేం చూసుకుంటాం."

ఇన్నాళ్ళకు ఎవరో సరైన ప్రశ్న వేశారు. తల ఒక్కసారి అడ్డంగా ఊపితే చాలు, అంతా ఎప్పటిలా అయిపోతుంది. ఆ మెడ కదలబోయింది కూడా. అప్పుడు అరచేతికి ఆ వణుకు గుర్తొచ్చింది. పొద్దున భార్య తన పళ్ళు తోమింది. నిన్న తన ఒళ్ళు తుడిచింది. వీటిలో దేనికి తను తగినవాడని ఆవిడ ముందుగా పరీక్ష పెట్టింది? ఆలోచన అక్కడిదాకా వచ్చి తెగిపోయింది. ఈమధ్య ఏ ఆలోచనా చివరిదాకా సాగడం లేదు. ఆయన తల పైకీ కిందికీ ఊపాడు. నిజం చెప్పాలంటే ఆ ఊపడంలో సగం అలసటే. సంఘపెద్ద ఆయన కళ్ళలోకి చూసి లేచాడు.

ఆదివారం ఆయన్ను చక్రాల కుర్చీలో తీసుకెళ్ళి ముందు వరసలో పెట్టారు. ఆ రోజు వాక్యం చెప్పడానికి వేరే ఊరినుంచి ఒక పాస్టరు వచ్చాడు. తన పుల్పిట్ మీద ఇంకొకరిని చూడ్డం అయ్యగారికి మింగుడుపడలేదు. బల్ల వేళకు రొట్టెముక్క తెచ్చి ఇస్తే కుడిచెయ్యి లేవలేదు, ఎడమచెయ్యి తడబడింది. భార్య ముక్కను నోట్లో పెట్టింది. ద్రాక్షరసం పెదవి పక్కనుంచి కారి తెల్ల చొక్కా మీద పడింది. సంఘమంతా చూస్తోంది. ఒకప్పుడు ఇదే బల్ల దగ్గర ఒకతను ఒలకబోసినందుకు తనేం చేశాడో అక్కడున్నవాళ్ళెవరూ మరిచిపోలేదు. ఆవిడ మాత్రం ఏమీ కానట్టు పమిటచెంగుతో తుడిచింది.

పెయింటరు అందరికన్నా చివర వచ్చాడు. ఉతికిన చొక్కా, తడిపి దువ్విన జుట్టు. మోకరించి, రెండు చేతులూ చాచాడు. ఖాళీ చేతులు. వాటినే చూస్తూ కూచున్నాడు అయ్యగారు. తను ఇన్నేళ్ళూ ఈ బల్ల దగ్గరికి ఎన్ని మోసుకొచ్చేవాడు! ప్రసంగాలు, ఉపవాసాలు, తిరిగిన వీధులు, తప్పని ప్రార్థనలు. వట్టి చేతులతో రావడం ఇదే మొదటిసారి. అయినా తనకు మునుపటికన్నా తక్కువేమీ అందలేదు. అదే రొట్టె, అదే రసం.

ఇంటికొచ్చాక ఆవిడ కునుకు తీస్తుంటే ఆయన కిటికీ దగ్గర కూచుని కళ్ళు మూసుకున్నాడు. మాటల కోసం వెతకలేదు. చెయ్యి రాకపోవచ్చు. మాట రాకపోవచ్చు. మళ్ళీ పుల్పిట్ ఎక్కకపోవచ్చు. అవన్నీ ఒక్కొక్కటే మనసులోకి రానిచ్చాడు. ప్రతిదానికీ ఆ ఒక్క మాటే అన్నాడు, మెల్లగా, ఈసారి కావాలనే. ఇన్నేళ్ళూ తను చేసిన ప్రార్థనల్లో ఇంత పొట్టిది, ఇంత నిజమైనది లేదని ఆయనకనిపించింది. కళ్ళు తడిస్తే తుడుచుకోకుండా అలాగే వదిలేశాడు.

చలికాలం వచ్చేసరికి కర్ర పట్టుకుని ఇంట్లో నాలుగడుగులు వేయగలిగాడు. థెరపిస్టు అమ్మాయి పట్టు వదల్లేదు. మాటలు ఒక్కొక్కటే, దారి తప్పిన గొర్రెల్లా, వేళాపాళా లేకుండా రాసాగాయి. ఒక భోజనం వేళ మారు వడ్డించబోతే ఆయన "వద్దు" అన్నాడు. ఆవిడ గరిట పట్టుకుని అలాగే నిలబడి, ఇంకోసారి అనమని బతిమాలింది. కాదనడం మళ్ళీ చేతికొచ్చిందని అప్పుడు తెలిసింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే పెయింటరు మళ్ళీ తాగాడు. పని దొరకలేదు, ఒంటరి గది, పాత స్నేహితుడెవరో కనిపించాడు, ఏదైతేనేం, పడిపోయాడు. కొన్ని ఆదివారాలు గుడి ఛాయలకే రాలేదు.

ఒక సాయంత్రం అతను వచ్చి గుమ్మం బయటే ఆగాడు. గడ్డం మాసి ఉంది. లోపలికి రమ్మని అమ్మగారు పిలిచినా రాలేదు.

"మీరన్నది నిలబెట్టలేకపోయాను అయ్యగారూ. మునుపటిలా గేటు దగ్గరే నిలబడతాను. అది చెప్పిపోదామనే వచ్చాను."

ఇప్పుడు అయ్యగారి దగ్గర ఒక్క మాట కాదు, గుప్పెడున్నాయి. ఏది కావాలంటే అది ఏరుకోవచ్చు. ఆయన కర్ర అందుకుని లేచాడు. ఆవిడ సాయం రాబోతే తలతో వారించాడు. ఒక్కో అడుగే ఈడ్చుకుంటూ గుమ్మందాకా వచ్చి, ఆయాసపడుతూ నిలబడి, నోటితో పెద్ద యుద్ధమే చేశాడు.

"లోప... లోపలికి రా."

"మళ్ళీ పడతానేమో అయ్యగారూ."

ఆయన మోకాళ్ళు వణుకుతున్నాయి. కర్ర నేల మీద టకటకలాడుతోంది.

"నేనూ," అన్నాడు.

పెయింటరు తలెత్తి చూశాడు. ఆయన ఒరిగిపోతున్నాడని గమనించి, గబుక్కున గడప దాటి చంక కింద చెయ్యి వేసి పట్టుకున్నాడు. ఆయన బరువంతా అతని మీద వేశాడు. ఇద్దరూ అలాగే, ఎవరు ఎవర్ని నడిపిస్తున్నారో తెలియకుండా, కుర్చీదాకా వెళ్ళారు.

ఆ తర్వాత అతనింకెప్పుడూ తాగలేదని చెప్తే అబద్ధమవుతుంది. ఇంకోసారి జారాడు. ఆ మరుసటి ఆదివారమే వచ్చి బల్ల దగ్గర చేతులు చాచాడు, దాక్కోలేదు. తర్వాత్తర్వాత జారడాలు తగ్గాయి.

అయ్యగారు మళ్ళీ పుల్పిట్ ఎక్కలేదు. సంఘానికి కొత్త పాస్టరు వచ్చాడు. ఆదివారాల్లో ఈయన గుడి తలుపు పక్కన కుర్చీ వేయించుకుని, వచ్చేవాళ్ళ చెయ్యి పట్టుకుని లోపలికి పంపేవాడు. పేర్లు, వరసలు మాత్రం చివరిదాకా సరిగ్గా పలకలేకపోయాడు. ముసలమ్మను తమ్ముడూ అనేవాడు, పసిపిల్లను మామయ్యా అనేవాడు. ఒకరోజు సంఘపెద్ద నలగని చొక్కాలో హుందాగా మెట్లెక్కి వచ్చి చెయ్యి చాపితే, ఆయన ఆ చేతిని ఆప్యాయంగా ఊపి, "రా అమ్మాయ్, రా," అన్నాడు. సంఘపెద్ద తెల్లబోయాడు. అంతలో ఆ పెద్దమనిషికి ఎక్కడినుంచో నవ్వు తన్నుకొచ్చింది. "వస్తున్నానండీ," అంటూ, తల వంచుకుని, లోపలికి నడిచాడు.