పాత డిస్క్ ఎవరు పెట్టారు?

స్టూడియోలో కంప్యూటర్ మళ్ళీ అక్కడే ఆగింది. నల్లటి తెర మీద తెల్లటి వరసలు గబగబా పరిగెత్తి, 'ఎమర్జెన్సీ మోడ్' అంటూ చతికిలబడ్డాయి. కీబోర్డు నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"నువ్వు డిస్క్ మార్చాకే కదా చిన్నీ, ఈ గోలంతా," అన్నాడు అన్న, గుమ్మానికి ఆనుకుని.

చిన్నికి ఒళ్ళు మండింది. పొద్దుటి నుంచి అదే పాట. మార్చింది తనే, నిజం. పాత డిస్క్ నత్తనడక నడుస్తోందని, దాన్లోని లినక్స్ సిస్టమ్‌ను మక్కీకి మక్కీ కొత్త డిస్క్‌లోకి దించింది. పాతదాన్ని విప్పి సొరుగులో పెట్టింది. ఆన్ చేసి, ఆపి, మళ్ళీ ఆన్ చేసి చూసుకుని మరీ వెళ్ళింది. ఆ తర్వాత వారమంతా అత్తయ్యను ఆసుపత్రి పరీక్షలకు తిప్పడంతోనే సరిపోయింది.

అసలు భయం ఆ అత్తయ్య గురించే. చూపు లేని పిల్లల కోసం పుస్తకాలు చదివి రికార్డు చేయడం ఈ స్టూడియో పని. నాన్న చెల్లెలైన అత్తయ్య చదివితే ఆ పిల్లలు చెవి కోసుకుంటారు. మొన్న ఆమె గొంతుకు ఆపరేషన్ అయింది. ఇక మాట రాదని డాక్టర్ ముందే చెప్పేశాడు. అందుకే ఆమె పంతం పట్టి, ఆ వారమంతా రోజూ సాయంత్రం ఇక్కడికొచ్చి, నొప్పి దిగమింగుకుంటూ ఆఖరి నవల చదివి ముగించింది. అన్న రికార్డు చేశాడు. ఆ నవల ఈ పెట్టెలో ఉండాలి. మళ్ళీ చదివించడం ఎవరి తరమూ కాదు.

అన్న అప్పుడే తీర్పు కూడా చెప్పేశాడు. కొత్త డిస్క్ నవలను మింగేసిందట. ఆసుపత్రిలో అత్తయ్య దగ్గరున్న వదినకు ఫోన్ చేసి, ఏమడగాలన్నా చిన్నినే అడగమన్నాడట.

చిన్ని పళ్ళు బిగబట్టింది. పెన్‌డ్రైవ్‌లో ఉన్న మరో లినక్స్‌తో కంప్యూటర్‌ను లేపి, కొత్త డిస్క్‌లోకి తొంగిచూసింది. డిస్క్ నిక్షేపంలా ఉంది. నవల మాత్రం లేదు. అసలు తను డిస్క్ మార్చిన రోజు తర్వాత పుట్టిన ఫైలు ఒక్కటీ లేదు.

కానీ బూట్ భాగంలో మాత్రం ఈమధ్యే అప్‌డేట్‌లో దిగిన కొత్త కెర్నల్ కూర్చుని ఉంది. సిస్టమ్‌ను నిద్ర లేపేది ఆ కెర్నలే. దానితోపాటు దిగాల్సిన, కీబోర్డులాంటివాటిని నడిపే డ్రైవర్లు ఏవి? ఎక్కడా లేవు. కీబోర్డు మూగబోయింది అందుకే. తల ఈ డిస్క్‌లో ఉంది, మొండెం ఇంకెక్కడో ఉంది.

చిన్నికి అప్పుడు తట్టింది. మక్కీకి మక్కీ దించిన డిస్కులు రెంటికీ గుర్తింపు సంఖ్య ఒకటే. రెండూ ఒకే పెట్టెలో ఉంటే సిస్టమ్‌కు తేడా తెలియదు. బూట్ భాగం కొత్తదాన్లోంచి, మిగతాదంతా పాతదాన్లోంచి తీసుకున్నట్టుంది. అంటే అత్తయ్య చదివిందంతా పాతదాన్లోకే పోయింది.

సొరుగు లాగింది. ఖాళీ.

"పాత డిస్క్ ఎవరు పెట్టారు?"

అన్న చూపు తిప్పుకున్నాడు. నీళ్ళు నములుతూ ఒక్కొక్కటే కక్కాడు. తనే సొరుగులోంచి తీసి మళ్ళీ కంప్యూటర్‌లో పెట్టాడట. ఒకటి పోతే ఇంకొకటి ఉంటుంది కదా అనుకున్నాడట. కొత్త డిస్క్ వచ్చినా వేగం ఏమీ పెరగలేదని వారమంతా ఫోన్‌లో దెప్పిన పెద్దమనిషి ఈయనే. తీరా నిన్న, వీధి చివర మొబైల్ షాపాయన సీసీ కెమెరాలకు డిస్క్ కావాలంటే, విప్పి ఆయన చేతిలో పెట్టాడు.

"పాతదే కదే. అంత మొహం పెడతావేంటి?"

చిన్ని అప్పటికే మెట్లు దిగుతోంది.

షాపులో టీవీ మీద వీధి కనబడుతోంది. పోయే స్కూటర్లు, గోడ నీడన బుగ్గ గోక్కుంటున్న ఒక మనిషి, గడపలో రొప్పుతున్న తను. డిస్క్ మొత్తం చెరపమంటావా అని రికార్డర్ అడిగితే పొద్దున్నే సరే నొక్కానని షాపాయన తాపీగా చెప్పాడు. ఖాళీదేనని మీ అన్నయ్యే అన్నాడమ్మా అని కూడా కలిపాడు. ఆయన చెబుతున్నంతసేపూ అత్తయ్య గొంతు మీదుగా ఆ స్కూటర్లు పోతూనే ఉన్నాయి.

చిన్ని వెళ్ళి ప్లగ్ పీకేసింది.

"ఏంటమ్మా ఇది, చెప్పాపెట్టకుండా?"

"చెప్పాపెట్టకుండా చెరిపింది మీరు. ఇచ్చింది మా వాడు. నేనింకా ఏమీ చేయలేదు, సంతోషించండి."

స్టూడియోకి తెచ్చి, ముందు ఆ డిస్క్‌ను ఉన్నదున్నట్టు వేరేదాన్లోకి కాపీ చేసింది. చెరిపేసిన ఫైళ్ళను వెతికే ప్రోగ్రామ్‌ను ఆ కాపీ మీదికి వదిలింది. సాయంత్రానికి నవల ముక్కలు ముక్కలుగా పైకి తేలింది, ఒక్క అధ్యాయం తప్ప. దాని చోట షాపు కెమెరా తీసిన వీధి పడింది. అది మరి తిరిగి రాదు.

అన్న గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. "చూశావా, పాతది నేను మళ్ళీ పెట్టబట్టే కదా, ఇంతైనా దొరికింది."

చిన్ని అతని మొహంలోకి చూసింది. నోరు తెరిస్తే ఏం మాట దొర్లుతుందోనని తనకే భయమేసింది.

"పద. ఇదే ముక్క అత్తయ్యతో అందువుగాని."

ఆసుపత్రిలో అతను మిషన్ మొరాయించిందంటూ మొదలుపెట్టాడు. చిన్ని చేతులు కట్టుకుని నిలబడింది. వదిన, ఎవరు మొరాయించారో సరిగ్గా చెప్పమంది. దాంతో డొంకంతా కదిలింది. మెడకు కట్టుతో దిండుకు ఆనుకున్న అత్తయ్య అంతా విన్నది. కళ్ళు ఎర్రబడ్డాయి, కానీ నీళ్ళు రాలేదు. వదినకు సైగ చేసి సంచిలోంచి నవల తీయించింది. పోయిన అధ్యాయం దగ్గర తెరిచి, అన్న ఒళ్ళో పెట్టి, వేలితో అతని గుండె మీద పొడిచింది.

తనకు చదవడం ఎక్కడొచ్చని, నవ్వుల పాలవుతానని అతను గింజుకున్నాడు. ఆ వేలు మాత్రం కదల్లేదు.

మర్నాడు అన్న అద్దాల గదిలో మైకు ముందు కూర్చున్నాడు. మొదటి పేరాలో తడబడ్డాడు. రెండోసారి ఒక వాక్యం మింగేశాడు. ఆ తర్వాత ఒక్క గుక్కలో చదివేసి, బొటనవేలు ఎత్తి చూపించాడు.

"బాగానే వచ్చింది కదే. ఎవరు పట్టిపట్టి చూస్తారు?"

"పిల్లలు చూడరు, వింటారు. అత్తయ్యా వింటుంది."

చిన్నికి కోపం ఇంకా దిగలేదు. దింపుకోవాలనీ లేదు. ఎర్ర లైటు వెలిగించింది.

"మొదటి నుంచి చదువు."