రోబోకి దెబ్బ తగిలిందా?

రోబో చెయ్యి ఊగి ప్రేమజ్యోతి ముంజేతిని కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు లైన్ మీదున్న మా అందరికీ వినపడింది. సూపర్‌వైజర్ పరుగెత్తుకొచ్చాడు. ఆమె దగ్గరికి కాదు, రోబో దగ్గరికి. దాని మోచేయి నిమిరి చూశాడు. అంటిన నెత్తురును మెత్తటి గుడ్డతో తుడిచాడు.

అది పంతొమ్మిది వందల ఎనభై నాలుగు. షికాగో శివార్లలో కార్ల విడిభాగాల ఫ్యాక్టరీ. కొత్త వెల్డింగ్ రోబో వెనక గోడ మీద కంపెనీ నీతులు వేలాడుతుండేవి: రోబో మనిషికి హాని చేయదు. మనిషి రోబో పనికి అడ్డుపడరాదు.

మర్నాడు చేతికి కట్టుతో వచ్చిన ప్రేమజ్యోతికి సూపర్‌వైజర్ గోడ చూపించాడు.

"రోబో హాని చెయ్యదని రాసే ఉంది. అంటే నువ్వే అడ్డుపడ్డావు. ఇక పనిలోకి రావద్దు."

క్యాంటీన్‌లో అందరం ఆమె చుట్టూ చేరాం. మా తెలుగు చర్చిలో పాటలు పాడే దేవకుమార్ నా చెవిలో గొణిగాడు.

"ప్రేయర్ చేద్దాం బాబాయ్. నా గ్రీన్ కార్డ్ ఇంకా రాలేదు, గొడవలొద్దు."

"చెయ్యరా అబ్బాయ్. పాపం, రోబో మోచెయ్యి బెణికిందంట, దానిక్కూడా చెయ్యి," అన్నాను.

"ఎగతాళి ఆపండి బాబాయ్ గారూ!" ప్రేమజ్యోతి అరిచింది. "నా ఉద్యోగం సంగతేంటి?"

పోలండ్ నుంచి వచ్చిన స్టాన్ బల్ల గుద్దాడు. "రోబో చెడితే లైన్ ఆపుతారు. మనం చెడితే మనిషిని మారుస్తారు. థూ!"

"అయితే మనమూ చెడిపోదాం," అన్నాను.

చెడిన యంత్రానికి ఎర్ర ట్యాగు కడతాం. కట్టిన మనిషి తప్ప ఇంకెవరూ దాన్ని విప్పరాదు. విప్పితే మేనేజరుకైనా ఉద్యోగం ఊడుతుంది.

తెల్లారి షిఫ్టు మొదలయ్యే ముందు గేటు బయట ప్రేమజ్యోతి నిలబడింది. స్టాన్ ట్యాగులు అందించాడు. ఆమె ఎడమచేత్తో, పళ్ళతో తాడు బిగిస్తూ మా మెడల్లో కట్టింది. చివర్లో దేవకుమార్ కూడా తల వంచాడు.

లోపలికెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాం.

"ఏంటీ వేషాలు?" సూపర్‌వైజర్ రంకెవేశాడు.

"చెడిపోయాం సార్. ముట్టుకోకండి, షాక్ కొడతాం," అన్నాను.

అతను స్టాన్ మెడ మీద చెయ్యి వెయ్యబోయాడు.

"రూల్!" లైన్ మొత్తం గర్జించింది. చెయ్యి వెనక్కి పోయింది.

మేనేజరు పోలీసుల్ని తెచ్చాడు. "ఎవడు మొదలెట్టాడు?"

"నేనే. ట్యాగులు కట్టింది మాత్రం ప్రేమజ్యోతి. పనిలోకి పిలవండి, విప్పుతుంది."

నాకు బేడీలు వేశారు. కారు గేటు దాటుతుంటే వెనక్కి తిరిగి చూశాను. రెండో షిఫ్టువాళ్ళు అప్పుడే వచ్చేశారు. ప్రేమజ్యోతి ముందు మెడలు వంచి, వీధి మలుపు దాకా బారులు తీరి ఉన్నారు.