బెండు డాక్టరు ఏరిన రిమ్ములు

వీధిలో అందరూ అతన్ని బెండు డాక్టరు అంటారు. బెండొచ్చి వంకరపోయిన సైకిలు చక్రాన్ని స్టాండుకి బిగించి, ఓ కన్ను మూసి, స్పోకుల్ని కాస్త కాస్త తిప్పి తిన్నగా చేసేస్తాడు. కొత్త రిమ్ము కొనేటప్పుడు అతనికో అలవాటుంది. దాని పక్కగోడని బొటనవేలితో నొక్కి చూస్తాడు. పాతకాలపు బ్రేకులు రబ్బరు ముక్కలతో రిమ్మునే పట్టుకుని ఆపేవి. రుద్దీ రుద్దీ ఆ గోడ పలచబడి ఏదో ఓ రోజు చీలిపోయేది. అందుకని గోడ మందంగా ఉంటే తప్ప అతనికి మనసొప్పదు.

కిందటేడు అతని భార్యకి చిన్నపాటి పక్షవాతం వచ్చింది. కాళ్లు కోలుకున్నాయి, మాట కోలుకుంది, ఎడమచేతి పట్టు మాత్రం సగమే తిరిగొచ్చింది. పెళ్లికి ముందునుంచీ కొండబాటల్లో సైకిలు తొక్కిన మనిషి ఆమె. ఇప్పుడు కుట్టుమిషను ముందు కూర్చుని కిటికీలోంచి కొండకేసి చూస్తూండేది. అది చూసి డాక్టరుకి గుండె తరుక్కుపోయింది. ఒక్క వేలితో నొక్కినా పట్టేసే డిస్కు బ్రేకులు తెప్పించాడు. ఇవి రిమ్ము జోలికే పోవు. చక్రం నడుమనున్న ఉక్కు బిళ్లని పట్టుకుంటాయి. ఇక వాటికి తగ్గ రిమ్ములు ఏరడమే మిగిలింది.

తన దుకాణంలో బల్లమీద రెండు రకాలు పెట్టాడు. ఒకటి డిస్కు బ్రేకుల కోసమే చేసిన తేలిక రకం, వెడల్పుగా, పలచటి గోడలతో ఉంది. రెండోది మందపాటి గోడల బండ రకం.

"డిస్కుకి గోడ మందం అక్కర్లేదన్నారుగా మొన్న?" అందామె.

"అక్కర్లేదు. ఉంటే మాత్రం తప్పేముంది?" అని బండదాన్నే నొక్కి చూసి మురిసిపోయాడు.

ఆమె ఆ రిమ్ముని ఎడమచేతి వేళ్లకి తగిలించుకుని పైకెత్తింది. వేళ్లు వణికాయి. "బరువుగా లేదూ?"

"బరువుదేముంది? నువ్వు క్షేమంగా దిగడం ముఖ్యం."

స్టూలు మీద తిష్ట వేసిన అతని అక్క అందుకుంది. "అసలీ వయసులో కొండలెందుకమ్మాయ్, హాయిగా ఇంటిపట్టున ఉండక?"

"ఇంటిపట్టున ఉండాల్సిన వదినగారు ఇక్కడేం చేస్తున్నట్టో!" అని నవ్వేసింది ఆమె. తర్వాత మొగుడి దగ్గరకొచ్చి మెల్లగా, "నేనొక్కదాన్నే వెళ్లి రాగలగాలండీ. నాక్కావలసింది అదే," అంది.

అతను తలూపాడు. తలూపడంలో డాక్టరుని మించినవాడు లేడు. విన్నాడా లేదా అన్నది వేరే సంగతి. బండ రిమ్ములే బిగించాడు.

ఆదివారం ఇద్దరూ కొండబాటకి వెళ్లారు. బాట మొదట్లో, మోటారు బళ్లు రాకుండా, నడుమెత్తున ఇనప కమ్మీ అడ్డంగా బిగించి ఉంది. సైకిలుని దాని మీదుగా ఎత్తి దాటించాలి. ఆమె ఎత్తబోయింది. ముందు చక్రం మోకాలిదాకా లేచి ఆగిపోయింది.

"ఇటు తే," అని డాక్టరు లాక్కుని, ఒక్క ఊపున అవతల దింపేశాడు.

దిగేటప్పుడు బ్రేకులు చెప్పినట్టు విన్నాయి. ఆమె ఒక్క వేలితో వేగం తగ్గిస్తూ మలుపులు తిరుగుతుంటే, వెనకాల తన సైకిలు మీద వస్తున్న అతను గర్వంతో పొంగిపోయాడు. తీరా కిందికొచ్చాక చూస్తే ఆమె ముఖంలో నవ్వు లేదు.

"ఏం, బ్రేకు సరిగ్గా పట్టలేదా?"

"బ్రేకు బ్రహ్మాండం. రేపు నేనొక్కదాన్నే వస్తే ఆ కమ్మీ ఎవరు దాటిస్తారు?"

"నేనొస్తాగా."

"మరి దుకాణం?"

"కాసేపు మూసేస్తే సరి."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏడాదిగా నా జడ మీరే వేస్తున్నారు. సీసా మూతలు మీరే తీస్తున్నారు. మీ చలవవల్లే లేచి తిరుగుతున్నాను, కాదనను. ఇదొక్కటీ ఎవర్నీ పిలవకుండా చేసుకుందామనుకున్నా."

అతను వంగి ముందు చక్రాన్ని తడిమాడు. "తేలిక రిమ్ము రాయికి కొట్టుకుంటే బెండు వస్తుంది," అన్నాడు.

"వస్తే తీయడానికి ఈ ఊళ్లో డాక్టరు లేడా?"

డాక్టరు సిగ్గుపడ్డాడు. ఎంతసేపూ చక్రం బాటమీద ఏమవుతుందో ఆలోచించాడే గానీ, దాన్ని ఎత్తాల్సిన చేతి సంగతి ఆలోచించలేదు. ఆ చేయి తన కళ్లముందే వణికింది కూడా.

మర్నాడు కూర్చుని స్పోకులన్నీ విప్పేశాడు. తేలిక రిమ్ములు ఎక్కించాడు. ఇంకాస్త బరువు తగ్గుతుందని లోపలి ట్యూబులు కూడా తీసేసి, ట్యూబు అక్కర్లేని టైర్లు వేశాడు. మధ్యలో బొటనవేలు అలవాటుకొద్దీ పక్కగోడ మీదికి పోతే, చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నాడు.

బుధవారం పొద్దున మళ్లీ కమ్మీ దగ్గరికి వెళ్లారు. ఆమె మొదటిసారి ఎత్తినప్పుడు సైకిలు జారింది. అతను గబుక్కున అడుగు ముందుకేశాడు.

"అక్కడే ఉండండి," అందామె.

ఉన్నాడు. ఆమె ముందు చక్రాన్ని కమ్మీకి తగిలించి, సీటు కింద భుజం పెట్టి, పంటి బిగువున ఒక్క తోపు తోసింది. సైకిలు అవతల దభీమని పడింది. ఆ చప్పుడుకి డాక్టరు ప్రాణం విలవిల్లాడినా నిలుచున్న చోటునుంచి కదల్లేదు. ఆమె కమ్మీ కిందనుంచి దూరి, సైకిలెక్కి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

దుకాణంలో అతనికి ఏ పనీ సాగలేదు. ఒకే నట్టుని బిగిస్తాడు, విప్పుతాడు, వీధిలోకి చూస్తాడు. "మతుండే పంపావట్రా ఒక్కదాన్నీ?" అని అక్క చివాట్లు పెడుతూనే, తనూ గుమ్మంలోనే నిలబడింది.

ఎండెక్కాక ఆమె వచ్చింది. మోచేతులదాకా బురద. ముందు చక్రం అటూ ఇటూ ఊగుతోంది. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"రాయికి కొట్టుకుందండీ!"

డాక్టరు చక్రాన్ని స్టాండుకి బిగించి తిప్పాడు. బెండు బాగానే వచ్చింది. బతుకంతా బెండ్లు తీస్తూ వచ్చినవాడు, ఒక బెండుని చూసి ఇంత సంతోషపడటం ఇదే మొదలు. ఓ కన్ను మూశాడు. తెరిచిన కన్ను మసకబారి, ఏ స్పోకు వదులైందో కనిపించలేదు.

"తీయగలరా?" అందామె.

"ఎందుకు తీయను?" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "సాయంత్రానికల్లా తీసి పెడతా. రేపు మళ్లీ వెళ్లాలిగా నువ్వు."