బస్సుల గీత

హెడ్ కానిస్టేబుల్ సొలొమోనుకి కుదురు లేదు. అన్నం ముందు కూర్చున్నా రెండో ముద్దకే లేచి వీధి చివరిదాకా చూసొచ్చే మనిషి. "కూర చల్లారిపోతోంది, కూర్చోండి" అని భార్య దేవమణి రోజూ మొత్తుకునేది. అలాంటివాణ్ణి, ఎనభై నాలుగు జూన్లో, నందిగామ సెంటర్లో ఒక గీత పక్కన కాపలా పెట్టారు.

ఆ గీత సంగతి చెప్పాలి. హైదరాబాద్ రోడ్డు అప్పట్లో ఊరి మధ్యలోంచే పోయేది. బెజవాడ వైపు వెళ్లే బస్సులు ఆగడానికి సెంటర్లో రోడ్డు వారన నాలుగు బస్సులు పట్టేంత జాగా వదిలి, చుట్టూ సున్నంతో గీత కొట్టి, 'బస్సులకు మాత్రమే' అని బోర్డు పెట్టారు. ఆ జాగా వెనకాలే టీ హోటళ్లు. ముక్త్యాల నుంచి సిమెంటు వేసుకొచ్చే లారీలన్నీ గీత లోపలే ఆగేవి. "ఒక్క టీ తాగి కదిలిపోతామండీ" అనేవాళ్లు డ్రైవర్లు. నిజమే, ఒక్క టీనే. కానీ ఒకడి టీ అయ్యేలోపు ఇంకొకడు వచ్చేవాడు. పాపం బస్సులు నడిరోడ్డు మీదే ఆగేవి. దిగినవాళ్లు బస్సుకీ లారీకీ మధ్య సందులో బిక్కుబిక్కుమంటూ నడిచేవాళ్లు.

వేసవి సెలవులయ్యాక బడులు తెరిచిన మొదటి వారంలో, జగ్గయ్యపేట నుంచి రోజూ వచ్చే లెక్కల టీచరు చూడామణి అలాగే దిగింది. ఆమె సందులో ఉండగానే పక్కనున్న లారీ కదిలింది. డ్రైవరు చూడలేదు. లారీ పక్కన వేలాడుతున్న గొలుసు కొక్కేనికి పైట చెంగు తగులుకుని ఆమె విసురుగా పడిపోయింది. కుడి మణికట్టు విరిగింది. వెనక చక్రం ఆమె జడ పక్కనుంచి వెళ్లిందని చూసినవాళ్లు చెప్పారు.

మర్నాడే ఎస్సైగారు సొలొమోనుని పిలిచారు. "గీత లోపల ఏ లారీ ఆగినా కేసు రాయి. జరిమానా పడితే వాళ్లే దారికొస్తారు."

సొలొమోను ఆ మాట నమ్మాడు. పొద్దున్న ఏడింటికి వచ్చి గీత ఈ చివర నుంచి ఆ చివరికి తిరుగుతూ, లారీ కనపడితే పరుగున వెళ్లి నంబరు రాసుకునేవాడు. మొదటి వారం లారీలు తగ్గాయి. డ్రైవర్లు దూరం నుంచే టోపీ చూసి ముందుకి పోయేవాళ్లు. రెండో వారానికి ఆగడం మొదలెట్టారు. మూడో వారంలో పెనుగంచిప్రోలు డ్రైవరు చిన్నబాబు లారీ దిగుతూనే, "హెడ్డుగారూ, నంబరు రాసుకున్నారా? ఇక టీ తాగొస్తా" అన్నాడు. వెటకారం లేదు. ఇంటికి వచ్చినవాడు చెప్పులు విప్పి లోపలికెళ్లినంత మామూలుగా అన్నాడు. అదే సొలొమోనుకి మండింది.

సోమవారం కోర్టుకి వెళ్లి చూశాడు. తను రాసిన కేసులు పిలుస్తుంటే ఒక్క డ్రైవరూ లేడు. లారీల ఆసామి తిరుపతిరావుగారి గుమాస్తా, వకీలు పక్కన నిలబడి, "తప్పు ఒప్పుకుంటున్నామండి" అని అన్నిటికీ ఒకేసారి కట్టేసి, చంకలో సంచీ పెట్టుకుని వెళ్లిపోయాడు. సొలొమోను కోర్టు వరండాలో అటూ ఇటూ తిరిగాడు. ఎండలో పరుగులు పెట్టి తను రాసిందంతా ఆ సంచీవాడు అరగంటలో తుడిచేశాడు.

జూలై చివర్లో చూడామణి మెళ్లో కట్టిన గుడ్డలో చెయ్యి పెట్టుకుని మళ్లీ బడికి వచ్చింది. ఆ రోజు కూడా బస్సు నడిరోడ్డు మీదే ఆగింది. సొలొమోను పరుగెత్తుకెళ్లి లారీకి అడ్డం నిలబడి ఆమెను దాటించాడు.

"మా తోటి టీచర్లు చెప్పారు, నా మూలాన మీకిక్కడ డ్యూటీ పడిందట" అందామె.

"అయ్యో, అదేం లేదమ్మా. ఇప్పటికి నూట పద్నాలుగు కేసులు రాశా."

"నూట పద్నాలుగా!" ఆమె ఆగి వెనక్కి చూసింది. గీత లోపల మూడు లారీలున్నాయి. "మరి ఆగేవాళ్లు తగ్గలేదే? మీరు రాస్తున్నది ఎవరికి తగులుతోంది, హెడ్డుగారూ?"

ఎత్తిపొడుపు కాదది. నల్లబల్ల దగ్గర తప్పు లెక్క చేసిన పిల్లని అడిగినట్టు అడిగింది. సొలొమోనుకి ఆ పూటంతా అదే మాట బుర్రలో తిరిగింది. ఎవరికి తగులుతోంది?

మధ్యాహ్నం చిన్నబాబు రాగానే నంబరు రాయకుండా అతని పక్కనే బల్ల మీద కూర్చున్నాడు. చిన్నబాబు కంగారుపడ్డాడు.

"ఏంటండీ, ఇవాళ రాయలేదు?"

"రాస్తే నీకేమన్నా అవుతుందా?"

"నాకేమవుద్దండీ? జరిమానా మా తిరుపతిరావుగారిది. ఆయనకి డీజిలు ఖర్చెంతో ఇదీ అంతే."

"మరి నీకు దేనంటే భయం?"

చిన్నబాబు గ్లాసు ఊదుకుంటూ ఆలోచించాడు. "ఆలస్యమంటే భయమండీ. సాయంత్రం నాలుగులోపు మళ్లీ ఫ్యాక్టరీ గేటు దగ్గరికెళ్తే రెండో లోడు వరస దొరుకుద్ది. దాటిపోతే ఆ రోజుకి ఒక్క ట్రిప్పే. ట్రిప్పుకిచ్చే నా బత్తా పోద్ది. ఇంట్లో మా ఆవిడ జయమణి మొహం చూడలేను."

సొలొమోను లేచి నిలబడ్డాడు. టీ సగం అలాగే ఉండిపోయింది.

మర్నాటి నుంచి అతను జరిమానా రాయడం మానేశాడు. గీత లోపల లారీ ఆగితే డ్రైవరుని ఎక్కమని, తనూ పక్కన ఎక్కి, ఊరు దాటాక రోడ్డు పక్కనున్న ఖాళీ స్థలానికి తోలించేవాడు. అక్కడ తనిఖీ. లైసెన్సు, పర్మిటు, బ్రేకు, హారను, లైట్లు, ఒక్కొక్క టైరూ. అంతా రూలు ప్రకారమే. ఒక్కొక్క కాగితం చదివి, నిదానంగా కాపీ తీసుకుని, అక్షరం అక్షరం సరిచూసి తిరిగిచ్చేవాడు. చెప్పడానికి తేలికే గానీ, నిదానం అనేది అతని ఒంట్లో లేదు. కాళ్లు పీకేవి. పెన్ను విసిరికొట్టి పరుగెత్తాలనిపించేది. పళ్లు బిగబట్టి రాసేవాడు. ఎదురుగా డ్రైవరు గడియారం చూసుకుంటూ అల్లాడిపోయేవాడు. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ నరకమో చెప్పలేం.

నాలుగో రోజుకి గీత లోపల జాగా ఖాళీ అయింది. బస్సులు పూర్తిగా లోపలికొచ్చి ఆగాయి.

ఆరో రోజు తిరుపతిరావుగారు కారులో వచ్చారు. దిగకుండా అద్దం దించి పిలిచారు.

"ఏవోయ్ సొలొమోనూ, కేసులు రాస్తే కడుతున్నాంగా. బండ్లు ఆపడం దేనికి?"

"కడుతున్నారనే ఆపుతున్నానండీ."

ఆయన మొహం ఎర్రబడింది. "రెట్టింపు రాయి. అదీ కడతా. నా వరస మాత్రం పోగొట్టకు."

"రాసి లాభం లేదండీ. సెంటరు దాటి రెండు ఫర్లాంగుల మీద మీ బండ్లు ఆపుకోవచ్చు. అక్కడా టీ దొరుకుతుంది. మీరొక్క మాట చెబితే నేను ఒక్క బండినీ ముట్టుకోను."

ఆయన అద్దం ఎక్కించుకుని వెళ్లిపోయారు. కానీ మర్నాడు ఆయన లారీలన్నీ సెంటరు దాటాకే ఆగాయి. సొలొమోను నమ్మలేక రెండుసార్లు అంతదూరం నడిచెళ్లి చూసొచ్చాడు.

పదిహేను రోజులు అలా నడిచింది. ఆగస్టు నడిమికి రాష్ట్రంలో ప్రభుత్వం మారి ఎక్కడికక్కడ బందులు, ఊరేగింపులు. బెజవాడ బందోబస్తుకి వెళ్లిన పోలీసుల్లో సొలొమోనూ ఉన్నాడు. నెలరోజులు ఎక్కడ నిలబెడితే అక్కడ నిలబడ్డాడు. ఆ గొడవల్లోనూ అతనికి గీతే గుర్తొచ్చేది. ఎవరున్నారో అక్కడ? లారీ ఎక్కి తనిఖీకి తీసుకెళ్తున్నారా, లేదా?

సెప్టెంబర్లో బందోబస్తు నుంచి వదిలిపెట్టారు. అప్పటికే పోస్టింగు జగ్గయ్యపేటకి మారిందని కాగితం వచ్చింది. పొద్దున్నే బెజవాడలో, మామూలు బట్టల్లో, ట్రంకు పెట్టెతో బస్సెక్కాడు. పదకొండింటికల్లా స్టేషనులో చేరాలి. నందిగామ సెంటర్లో కిటికీలోంచి అవతలి వైపు చూశాడు. గీత లోపల నాలుగు లారీలు. నడిరోడ్డు మీద జగ్గయ్యపేట బస్సు. అందులోంచి చూడామణి దిగుతోంది. కుడి చేతిని ఎడమ చేత్తో గుండెలకి అదుముకుని, లారీల వైపు చూస్తూ, ఒక్కో అడుగే వేస్తోంది.

"ఆపండి! దిగాలి!" అని అరిచాడు సొలొమోను.

పెట్టె తీసుకుని రోడ్డు దాటి మొదటి లారీ తలుపు మీద దబదబా కొట్టాడు. కిటికీలోంచి చిన్నబాబు తల బయటపెట్టాడు. గుర్తుపట్టి నాలిక్కరుచుకున్నాడు.

"హెడ్డుగారా! మీరు లేరుగదండీ..."

"నేను లేకపోతే గీత కూడా లేదా?"

"అది కాదండీ. ఇప్పుడు వేరే ఆయనొస్తున్నాడు. నంబరు రాసుకుంటాడు. మా వాళ్లు కడుతున్నారు." మొహమాటంగా నవ్వాడు. "తీసేస్తా, తీసేస్తా."

చిన్నబాబు లారీ కదలగానే, సొలొమోనుని చూసి మిగతా మూడూ కదిలాయి. ఒంటి మీద యూనిఫాం లేదు. చేతిలో పుస్తకం లేదు. అయినా కదిలాయి. అతను ట్రంకు పెట్టెని గీత మొదట్లో నిలబెట్టి దాని పక్కన నిలబడ్డాడు. తను దిగిన బస్సు వెళ్లిపోయింది. తర్వాతదీ వెళ్లిపోయింది. చూడామణి బడివైపు రెండడుగులేసి వెనక్కొచ్చింది.

"ఎండలో ఎంతసేపు నిలబడతారు? రేపు ఎవరుంటారు?"

"అదే ఆలోచిస్తున్నానమ్మా."

పెట్టె టీ హోటల్లో అప్పగించి నేరుగా ఎస్సైగారి దగ్గరికి వెళ్లాడు. "అయ్యా, రాసేవాణ్ణి కాదు, ఆపేవాణ్ణి పెట్టండి. జరిమానా కట్టే ఆసామి ఒకడు, గీత లోపల లారీ నిలిపే డ్రైవరు ఇంకొకడు" అని మొదలుపెట్టి, చిన్నబాబు మాటా, తిరుపతిరావుగారి మాటా, అంతా ఏకరువు పెట్టాడు. ఎస్సైగారు విని, ఒక తెల్లకాగితం ముందుకి తోశారు. "నువ్వు చేసినట్టే రాసివ్వు. డ్యూటీ పుస్తకంలో అంటిస్తా. ఎవరు వెళ్లినా అలాగే చెయ్యాలి." సొలొమోను అక్కడే నిలబడి రాసిచ్చాడు.

జగ్గయ్యపేటకి మధ్యాహ్నం రెండింటికి చేరాడు. ఆలస్యానికి మెమో ఇచ్చారు. తీసుకున్నాడు.

కాగితం పని చేసిందా అంటే, కొంత చేసింది. దాన్ని చదివి అలాగే చేసే కానిస్టేబులు వచ్చిన రోజు గీత ఖాళీగా ఉండేది. బద్ధకించి నంబర్లు రాసుకునేవాడు వచ్చిన రోజు మళ్లీ లారీలే. డ్రైవర్లు దూరం నుంచే నడక చూసి మనిషిని పోల్చుకునేవాళ్లు. ఇదంతా సొలొమోనుకి కండక్టర్లు చెప్పేవాళ్లు. అతనికి బస్టాండు దగ్గర డ్యూటీ పడితే చాలు, బెజవాడ వైపు నుంచి బస్సు రాగానే మెట్ల దగ్గరికి వెళ్లేవాడు.

"నందిగామలో గీత ఎలా ఉందయ్యా?"

"ఇవాళ ఖాళీగానే ఉందండీ" అన్నాడు ఒక రోజు కండక్టరు, టిక్కెట్ల పెట్టె సర్దుకుంటూ.

సొలొమోను తల ఊపి వెనక్కి తిరిగాడు. నాలుగడుగులేశాడో లేదో ఇంకో బస్సు మలుపు తిరిగింది. గబగబా దానికి ఎదురు నడిచాడు.