ఖత్ తిన్న గుర్రం

నవంబరు వచ్చిందంటే అరబ్బుదేశం బర్కాలోని ఆ గుర్రాలశాలలో తల గోక్కోడానికి తీరిక ఉండదు. పచ్చమేత కోసి నీడన ఆరబెట్టాలి. ఎండలో పెడితే ఆకు రాలి పుల్లలే మిగుల్తాయి. డెక్కలు చెక్కాలి, లాడాలు మార్చాలి, చలికి గోనెపట్టాలతో దుప్పట్లు కుట్టాలి. కడపలో పదేళ్ళు జట్కా తోలిన గులాం నబీకి ఇదంతా వెన్నతో పెట్టిన విద్యే. గుర్రాలకు ఎండుచేపలు వేయమన్నప్పుడు మాత్రం, "తూ, ఇవి గుర్రాలా పిల్లులా?" అన్నాడు.

మేత లారీ రాగానే రీమ్ అనే ముసలి గుర్రానికి ముందు ఒక మోపు వేస్తారు. ఏ నేల మేత తింటే ఆ నేల చప్పుళ్ళు దాని కడుపులోంచి వినబడతాయి. రుస్తాఖ్ ఊరి మేతైతే కాలవ నీళ్ళు, ఆడవాళ్ళ మాటలు. డెబ్బై అయిదులో ఒక పాడుబడ్డ తోట మేత తింటే, కడుపులో ఎవరో ముసలాయన వెక్కివెక్కి ఏడ్చినాడు. లారీని అట్లే వెనక్కి పంపేసినారు. మేత ఎంచడానికి అంతకన్నా నమ్మకమైన పద్ధతి ఏముంది చెప్పండి!

మరుసటేడు, గులాం నబీ రెండేళ్ళ కాంట్రాక్టు ముగిసే వారమే మేస్త్రీ ముర్తుజా జ్వరంతో రూములో పడ్డాడు. అర్బాబు, అంటే యజమాని, అరబ్బీలో అనే మాటలన్నీ ఉర్దూలో చెప్పేది అతనే. అందుకని యజమానే స్వయంగా వచ్చి, ఇంకో రెండేళ్ళకు రేపు వేలిముద్ర వేయాలని సైగలతో చెప్పినాడు. గులాం నబీ తలూపినాడు. ఇంటినుంచి వచ్చిన పదకొండు జాబుల్లోనూ పెండ్లాం అక్తరీ బేగం ఒకటే మాట రాయించింది. మేము బాగుండాము, మీరు ఉండండి.

పోతూపోతూ అర్బాబు అటక చూపించి, "ఖత్! కుల్లు ఖత్, ఫోగ్!" అన్నాడు. కుల్లు అంటే అంతా, ఫోగ్ అంటే పైకి. అంతవరకు తెలుసు. ఆ ఖత్ అంటే అరబ్బీలో మేతని మాత్రం గులాం నబీకి తెలీదు. ముర్తుజా ఎప్పుడూ ఘాస్ అనేవాడు గానీ ఆ మాట అనలేదు. కడప సాయిబుల ఇండ్లల్లో ఖత్ అంటే జాబు!

"పాసుపోర్టు పెట్టుకున్న్యాడు సరే, పెండ్లాం ఖత్తులు కూడానా ఈ మారాజుకు?" అని సణుక్కుంటానే పెట్టెలోంచి పదకొండూ తీసి అటకమీద మేతలో పెట్టినాడు.

మరునాడు మధ్యాహ్నం రీమ్‌కు మేత లాగితే జాబుల కట్ట కూడా జారొచ్చింది. చూసుకునేలోపల అది నమిలి మింగేసింది.

మిగతా గుర్రాలు నమలడం ఆపేసినాయి. ఈగలు కూడా గోడకు అంటుకోని ఉండిపోయినాయి. రీమ్ కడుపులో జట్కా గంటలు మోగినాయి. తర్వాత ఒక దగ్గు. అది కడప పోస్టాఫీసు వరండాలో జాబులు రాసిపెట్టే అయ్యవారి దగ్గు.

"మేము బాగుండామని రాయి సామీ." అది అక్తరీ గొంతు.

ఒకదాని తర్వాత ఒక జాబు పలికింది. అయిదోదాంట్లో కూతురు బిల్కీస్ గొంతు కలిసింది. "అమ్మీ, మెట్టుంది, కాలెత్తు." ఎనిమిదోదాంట్లో చేతికర్ర టకటక. పదకొండోదాంట్లో అక్తరీ, "కాయితం యాడుందే? నా వేలు పట్టుకోని ఆనించు," అనింది.

"చూపు పోతాండాదని రాసేదా తల్లీ?" అన్నాడు అయ్యవారు.

"వద్దు సామీ. రాస్తే ఆయప్ప పని ఇడిసిపెట్టి వచ్చేస్తాడు. ఒగ కంట్లో ఇంగా రోంత వెలుగుంది లే. బాగుండామని రాయి."

"అక్తరీ! ఓ అక్తరీ!" గులాం నబీ గుర్రం డొక్కకు నోరు ఆనించి పిలిచినాడు. గుర్రాలు మళ్ళీ నమలసాగినాయి.

దుప్పటి కప్పుకోని ముర్తుజా వచ్చినాడు. "ఏ ఊరి మేతన్నా?"

"మా ఊరిది," అని గులాం నబీ భోరుమన్నాడు.

సాయంత్రం అర్బాబు సిరా డబ్బీ తెరిచి పట్టుకున్నాడు. గులాం నబీ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. రీమ్ చెప్పిందని ముర్తుజా అరబ్బీలో విడమరిస్తే, అర్బాబు ఇంకో మాట అడక్కుండా లోపలికి పోయి పాసుపోర్టు తెచ్చిచ్చినాడు.

కడపలో దిగి ఇల్లు చేరేసరికి అక్తరీ వాకిట్లో కూర్చోని ఉంది. మొగుని మొగం రెండు చేతుల్తో పట్టి ఎండకు తిప్పింది.

"తలంతా నెరిసిపోయిందే! కదలొద్దు, ఇంగా చూసుకోలేదు నేను."

కదలకుండా నిలబడినాడు. ఎనిమిది రోజులు చూసుకునింది అక్తరీ. తొమ్మిదో రోజు, ఎండ నడినెత్తికొచ్చినాక, "ఇంగా తెల్లారలేదా?" అని అడిగింది.