మోకాలి మీద మూడు వాతలు

ఏడో వరుస సగానికి వచ్చేసరికి కదిరమ్మ ఎడమకాలి మీది బరువును కుడికాలి మీదికి మార్చుకుని, పొడుగాటి బ్రష్షు కట్టెను సోలార్ పలక మీద పైనుంచి కిందికి లాగింది. దుమ్ము నీళ్లలో కలిసి ఎర్రగా కారింది. ఎండ ముదరకముందే కడగాలి. అద్దం కాలిన తర్వాత చన్నీళ్లు తగిలితే చిట్లుతుంది. వెనక ట్యాంకరు పైపు పట్టుకుని తోడికోడలు సుంకమ్మ నీళ్లు చిమ్ముతోంది.

ఈ వరుస నిలబడ్డ నేల కదిరమ్మదే. గొర్రెలమ్మి మొగుడు ఆంజనప్ప కొన్న రెండెకరాల శనక్కాయ చేను. సోలారుకు లీజుకిచ్చాక చుట్టూ కంచె పడింది. పనివాళ్లను తప్ప గేటు దాటి ఎవరినీ రానివ్వరు. అందుకే ఆమె కడిగే పనికి పేరు రాయించుకుంది. ఆరేళ్లుగా రోజూ తన చేలో అడుగు పెడుతూనే ఉంది. ఇవాళ పనివాళ్లకు వైద్యపరీక్ష. ఫిట్ అని రాయకపోతే వచ్చే నెల నుంచి లోపలికి రానివ్వరు.

"అక్కా, ఆ మేడమ్ ముందర కుంటద్దు. ఊపిరి బిగబట్టి నాలుగడుగులు ఏసేయ్," అంది సుంకమ్మ.

"పెండ్లిచూపులా ఏంది, ఊపిరి బిగబట్టేకి?"

పది గంటలకు ఇన్వర్టర్ల గది నీడలో బల్ల వేశారు. పావగడ నుంచి వచ్చిన ఫిజియోథెరపిస్టు శిల్పశ్రీ చిన్నపిల్ల, కళ్లజోడు ముక్కు మీదికి జారుతోంది. పక్కన పేర్ల పట్టీతో సూపర్‌వైజర్ మధుకుమార్. దగ్గరి ఊరు వల్లూరువాడే.

"నొప్పి యాడ ఉండాదవ్వా?"

"మోకాల్లో తల్లీ. మూడేండ్లాయె."

చీర కాస్త జరిపితే మోకాలి చుట్టూ మూడు నల్లటి మచ్చలు కనిపించాయి.

"ఇవేంది?"

"మా ఆయన పెట్టిన వాతలు. కుంటే గొర్రెకు కడ్డీ కాల్చి పెడతారు కదా, అట్ల."

"మా బావకు గొర్రెకూ మనిషికీ తేడా తెలీదు మేడమ్," అంది సుంకమ్మ.

"గొర్రె అయితే ఒక వాతకే లేసి పరిగెత్తేది. నేను పరిగెత్తలేదని మూడు పెట్టినాడు."

మధుకుమార్ పట్టీ అడ్డం పెట్టుకుని నవ్వాడు.

శిల్పశ్రీ మోకాలిని ముట్టుకోలేదు. కదిరమ్మను బల్ల మీద పడుకోబెట్టి, చాచిన కాలిని తొడ దగ్గర పట్టి మొత్తంగా లోపలికి దొర్లించింది. మోకాల్లో నొప్పి భగ్గుమంది.

"నువ్వు తిప్పింది తొడను కదా తల్లీ, మోకాలు మండుతాదేంది?"

"రోగం తుంటి కీల్లో ఉండాదవ్వా. ఆ కీలుకు మూడు నాలుగు నరాలు కొమ్మలేస్తాయి. వాటిలో కొన్ని కిందికి దిగి మోకాలికి గూడా పోతాయి. తుంటి అరిస్తే మోకాలు అరిచినట్టు వినపడతాది."

కదిరమ్మ ఇన్వర్టర్ల గది గోడ వైపు వేలు చూపించింది. "యాడో వరుసలో వైరు తెగితే ఈ రూములో ఎర్ర లైటు వెలుగుతాది. అట్లనా?"

"అట్లనే! మా కాలేజీలో గూడా ఇంత బాగా చెప్పలేదవ్వా."

"అయితే మా ఆయన లైటుకు వాత పెట్టినాడు."

అందరూ నవ్వారు. ఆ నవ్వు సద్దుమణిగాక, దేన్నీ పట్టుకోకుండా ఎడమకాలి మీద నిలబడమంది శిల్పశ్రీ. కదిరమ్మ కుడికాలు ఎత్తింది. ఎత్తిన వైపు నడుము సర్రున కిందికి వాలిపోయింది. చెయ్యి దానంతటదే సుంకమ్మ భుజాన్ని దొరకబుచ్చుకుంది.

"నడకంటే ప్రతి అడుగుకూ ఒంటికాలి మీద నిలబడడమే అవ్వా. కీలు ఎంత వంగింది, ఎంత బరువు పడింది అని నరాలు కబురు పంపుతాండాలి. ఆ కబురుకు పక్కనుండే కండ బిగుసుకుంటేనే నడుము నిలబడతాది. నీ కీలు అరిగింది, కండ వదులైంది."

మధుకుమార్ గొంతు తగ్గించాడు. "ఫిట్ అనే రాసేయండి మేడమ్. ఈమె వంతు ఆఖరి రెండు వరుసలు ఎట్లాగూ సుంకక్కే కడుగుతాది."

కదిరమ్మ తల తిప్పింది. ఆ వరుసలు వేరే గుంపుకు ఇచ్చారనే ఇన్నాళ్లూ అనుకుంటోంది. "నువ్వా?"

"ఎండ కదక్కా. తొందరగా అయిపోతాదని," సుంకమ్మ నేల చూపులు చూసింది.

కదిరమ్మకు రెండేళ్ల కింద పోయిన ఆంజనప్ప గుర్తొచ్చాడు. వాత పెట్టేటప్పుడు ఆమె పాదాన్ని ఒళ్లో పెట్టుకుని, ఆమెకంటే ముందు తనే ఏడ్చాడు. కాల్చింది తప్పుచోటే. ఒళ్లో పెట్టుకున్న ప్రేమలో మాత్రం తప్పు లేదు. ఎవరూ అడగకుండానే యాభై ఎనిమిదేళ్లు కబుర్లు మోసిన ఆ నరాల దారాలూ, చెప్పకుండా రెండు వరుసలు కడిగిన ఈ మనిషీ — తన కాలు ఒక్క తన బలం మీదే నిలబడలేదు.

"ఉన్నది ఉన్నట్టు రాయి తల్లీ. ఆ తడిలో నేను జారితే ఈ సుంకమ్మ మీదనే పడతా."

శిల్పశ్రీ తుమకూరు పెద్దాసుపత్రికి చీటీ రాసి, రెండు చేతులతో అందించింది. "బాగవుతాదవ్వా. ఆపరేషను చేస్తారు."

"బాగా చూసినావమ్మా. చల్లగా ఉండు."

వెళ్లేముందు కదిరమ్మ, "మధూ, ఒక్కతూరి ఏడో వరుస దాకా పోయొస్తానప్పా," అంది. మధుకుమార్ తనే చెయ్యి పట్టి తీసుకెళ్లాడు. అక్కడ చెప్పు విడిచి ఎడమ పాదాన్ని తడి మట్టిలో ఆనించింది. చల్లదనం, మెత్తదనం, కాస్త జారుడు — కబురు మెల్లగా పైకి ఎక్కింది.

"ఇంకా చెబుతాండావు కదే," అని తొడను నిమిరింది.

మధ్యాహ్నపు ఆటోలో ఆమె వెళ్లిపోయింది. గేటు దగ్గర వెనక్కి తిరిగి చేతులెత్తి మొక్కింది. కాపలాదారుకో, చేనుకో తెలియలేదు.

మర్నాడు పొద్దున సుంకమ్మ సామాన్ల గది తలుపు తీసింది. కదిరమ్మ పనిలో చీర మీద తొడుక్కునే నారింజరంగు జాకెట్టు, ఉతికి ఆరేసింది, మేకుకు వేలాడుతోంది. అంతా గట్టిగానే ఉంది. ఎడమ పక్క తుంటి దగ్గర మాత్రం, ఆరేళ్లు ఇనుప స్తంభాలకు ఆనుకున్న రాపిడికి గుడ్డ పల్చబడి, దారాల మధ్య నుంచి వెలుతురు కనిపిస్తోంది.